సింకు కింద

కాస్త్రో ఊళ్లో వానలకి మొదలూ తుదీ ఉండవు.
కిందటేడు మే నెలలో పట్టిన ముసురు
మా స్నానాలగది గోడ మీద బూజై ఇంకా ఉంది.
ఆ గోడనే ఆనుకుని, ఒంటికాలి కొంగలా
తెల్ల పింగాణీ సింకు.

కిటికీ గట్టు మీద అన్న బౌదీలియో సామాను:
పళ్లసెట్టు నానబెట్టే గాజు గ్లాసు,
ఏడు గదుల మాత్రల పెట్టె,
రాత్రుళ్లు కట్టుకునే మెత్తల పొట్లం,
దాని మీద మర్యాదకి కప్పిన చేతిగుడ్డ.
మేడ గదుల్లో అద్దెకి దిగే పరదేశులు
పళ్లు తోముకుంటూ వాటిని చూడనట్టు చూస్తారు.
"ఇక్కడో బీరువా కట్టు, ఒతీలియా" అన్నాడొకరోజు
నా మొహం చూడకుండా, కుళాయితో చెబుతున్నట్టు.

నలభైమూడు పడవలు కట్టిన మనిషి.
ఇప్పుడు కప్పు ఎత్తితే సగం కాఫీ సాసర్లోకే.
రంపం నా చేతికిచ్చి
తను తొట్టి అంచున కూచుని
నోటితో పని మొదలెట్టాడు.

"ముందు సింకు విప్పేద్దాం" అన్నాను.
"ఆ తుప్పు వాల్వుని ముట్టుకున్నావంటే
ఇద్దరం ఈదుకుంటూ బయటికెళ్లాలి.
అది కదలదు.
కదలనిదాని చుట్టూ కట్టు."

పెరట్లో నాలుగేళ్లు ఆరిన సైప్రస్ చెక్క.
చిత్రిక పట్టినకొద్దీ చుట్టలు చుట్టలుగా పొట్టు,
మూడు రోజులు అన్నంలోకీ అదే వాసన.
మూలమట్టం పెట్టి చూస్తే
ఈ ఇంట్లో ఒక్క మూలా మట్టంగా లేదు!
నేల కిటికీ వైపు వేలెడు వాలింది,
గోడ నెలలు నిండినట్టు ముందుకొచ్చింది.
"తాత తాగి కట్టాడేమో."
"తాత సరిగ్గానే కట్టాడు. తర్వాత భూమే తాగింది."
భూకంపం వచ్చిన ఏడాది వాడికి ఆరేళ్లు.
ఆ ఊసు అంతకుమించి ఎత్తడు.

పెట్టె అంతా బిగించి, తలుపులూ వేలాడదీసి
మోసుకొచ్చాక తెలిసింది,
అది సింకు కాలి చుట్టూ దూరదని.
తొట్టి అంచు మీంచి జారేంత నవ్వు వాడికి.
"రెండు పక్కలుగా చేసి మధ్యలో కలపాలి, పిచ్చిదానా."
"ముందే చెప్పొచ్చుగా?"
"చెబితే మర్చిపోతావు.
చేసిన పెట్టెని నిలువునా కోసుకున్నవాళ్లు మర్చిపోరు."

కోశాను. తిట్టుకుంటూనే కోశాను.

సింకు పొట్ట వంపు కొలతలకి లొంగదు.
బిస్కట్ల అట్టపెట్టె చించి దాని కింద పెట్టి
వాషరు బెజ్జంలో పెన్సిలు మొన దూర్చి
పింగాణీ వెంబడి దొర్లించమన్నాడు.
వాషరు దొర్లింది.
వంపు తనంతట తనే అట్ట మీదికి దిగింది.
నేను కాసేపు దాన్నే చూస్తూ కూచున్నాను,
వీడికిన్ని తెలుసని
ఇన్నేళ్లూ ఒకే బల్ల మీద తింటూ తెలుసుకోలేదు.

ఎంత చెక్కినా చివరికి
అగ్గిపుల్ల దూరేంత సందు మిగిలింది.
లప్పం పెట్టబోతే మణికట్టు పట్టుకున్నాడు.
వాడి వణుకు నా చేతిలోంచి
లప్పం కత్తి దాకా పాకింది.
"ఉంచు. జూలైలో చెక్క ఉబ్బుతుంది.
అప్పుడదెక్కడికి పోతుంది పాపం?"

బజారు నుంచి నీలంపువ్వుల పింగాణీ పిడులు తెచ్చాను.
ముచ్చటగా, రేగుపండంత.
రెండు వేళ్లతో పట్టుకోబోయాడు.
జారింది. మళ్లీ జారింది.
మూడోసారి ప్రయత్నించకుండా
కుళాయి తిప్పి చేతులు కడుక్కున్నాడు,
కడుక్కోవడానికేమీ లేకపోయినా.

ఆ రాత్రి పిడులు విప్పేశాను.
షెడ్డులో, వాడి ఆఖరి పడవ నుంచి మిగిలినవి
తాళ్లు చుట్టే ఇత్తడి కొమ్ములు రెండు.
చింతపండు దొరకని దేశం, నిమ్మచెక్కతో తోమి
తలుపుకొకటి బిగించాను.

పొద్దున్నే చూశాడు. ఏమీ అనలేదు.
నాలుగు వేళ్లూ ఒక్కసారే తగిలించి లాగాడు.
తెరిచాడు, మూశాడు, తెరిచాడు.
గ్లాసు లోపల పెట్టాడు. పెట్టె. పొట్లం.
చేతిగుడ్డ మాత్రం తీసి మేకుకి తగిలించాడు.

మేడ మీద దిగిన పిల్ల ఒకతి
బ్రష్షు నోట్లో పెట్టుకునే అడిగింది,
"ఈ పడవ కొమ్ములు ఇక్కడెందుకు తాతా?"

"తుఫానొస్తే సింకు కొట్టుకుపోకుండా" అన్నాడు
పళ్లు ఇంకా గ్లాసులోనే ఉండగా,
నోరంతా తెరిచి నవ్వుతూ.